తప్పు కాలిదా, కారుదా

మా ఇల్లు అరకులో, నేను పాఠాలు చెప్పే బడి పైన కొండ మీద ఊళ్ళో. మధ్య దారంతా మలుపులే, బస్సు లేదు. మా ఆయనకి డ్రైవింగ్ రాదు, నేర్చుకోమంటే నవ్వేసేవారు. కాబట్టి మా పాత కారు నేను నడపగలిగినన్నాళ్ళే ఆ బడికి టీచర్ని.

బ్రేకు పెడలు గట్టిపడుతున్న సంగతి ఒక్కరోజులో తెలియలేదు. వానలు తగ్గాక, దిగుడులో కాస్త గట్టిగా తొక్కాల్సి వస్తోందనుకున్నాను. తర్వాత్తర్వాత వీపు సీటుకి అదిమిపెట్టి తొక్కడం మొదలైంది. నాకప్పటికే యాభై ఏడేళ్ళు, మెట్లెక్కితే మోకాలు నొప్పి. వయసు మీద పడిందంటారని ఇంట్లో చెప్పలేదు.

సంత మైదానం పక్క షెడ్డులో ఉండే మెకానిక్‌కి మాత్రం చూపించాను. మంచి పనిమంతుడు, దుక్కలాంటి మనిషి. మైదానం చుట్టూ ఒకసారి తిప్పి వచ్చాడు.

"బ్రేకు బాగానే పడతంది టీచరమ్మా. మీ కాల్లోనే సత్తువ తగ్గిపోనాది," అన్నాడు. వెక్కిరింపు కాదు, జాలిపడే అన్నాడు. నేను తలూపాను. లెక్క తప్పితే ఎలా తప్పిందో చూపించమని పిల్లల్ని పీక్కుతినే నేను, ఆ మాటకి ఒక్క ఎదురు ప్రశ్న వేయలేదు.

మూడు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. ఒకరోజు కాఫీ తోటల కింది మలుపులో ఒక ముసలమ్మ అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతోంది. రెండు కాళ్ళతో తొక్కాను. కారు ఆమెకి బారెడు దూరంలో ఆగింది. ఆమె నావైపు ఒకసారి చూసి, మోపు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో, కారు అమ్మేద్దామన్నాను.

"మంచి పని. ఇంక ఇంటిపట్టున ఉండు," అన్నారు మా ఆయన. ఆదివారం కారు చూసుకోవడానికి ఎవరో వస్తారని మర్నాడే చెప్పారు కూడా. వంటింట్లోకెళ్ళి ఏడ్చాను.

శనివారం మధ్యాహ్నం, ఇదే ఆఖరిసారి అనుకుంటూ బడి నుంచి బయల్దేరాను. ఊరి చివర మేకల మంద అడ్డొస్తే ఇంజిన్ ఆపి కూర్చున్నాను. ఊరికే పెడలు తొక్కాను. రాయిలా ఉంది. కాలు దాని మీద ఉంచే తాళం తిప్పాను. ఇదివరకు ఇంజిన్ అందుకోగానే పెడలు కాలి కింద కొద్దిగా దిగేది. ఇప్పుడు దిగలేదు. మళ్ళీ ఇంజిన్ ఆపి, నాలుగైదుసార్లు తొక్కి, అదిమి పట్టుకుని స్టార్ట్ చేశాను. వెంట్రుకవాసి కదల్లేదు. ఇంజిన్ ఆగినప్పుడూ, నడిచేటప్పుడూ తొక్కింది ఒకటే కాలు. ఇంజిన్ నుంచి పెడలుకి అందాల్సిన సాయమే అందట్లేదు.

ఫస్టు గేరులో మెల్లగా దిగి షెడ్డుకి వెళ్ళాను. మెకానిక్‌ని కూర్చోబెట్టి, "కాలు తియ్యకుండా స్టార్ట్ చెయ్యి. పెడలు దిగుతుందేమో చెప్పు," అన్నాను.

అతను రెండుసార్లు చేసి చూసి, దిగి బానెట్ ఎత్తాడు. ఇంజిన్ నుంచి, బ్రేకుకి బలమిచ్చే డబ్బాకి వెళ్ళే రబ్బరు పైపు దగ్గర సన్నగా బుస్సుమంటోంది. ఊడదీసి తిరగేస్తే, కింది వైపు వేలెడు పగులు.

"ట్రాక్టర్లు తొక్కీ కాలు కదమ్మా నాది, తేడా తెలీనేదు," అన్నాడు తల గోక్కుంటూ. "మీ కాలికేటీ అవలేదు."

కొత్త పైపు వేయించుకుని ఇంటికెళ్ళాను. మా ఆయన గేటు తీస్తూ, "రేపు పదింటికి వస్తామన్నారు," అన్నారు.

"రావద్దని చెప్పండి. పైపు పగిలింది, మార్పించాను."

"మరి నీ కాలు?"

"ఇంజిన్ సాయం లేకుండా మూడు నెలలు ఆ కొండ మీద కారుని ఆపింది ఈ కాలే," అన్నాను. పైకి అనేదాకా ఆ సంగతి నాకూ తట్టలేదు.

ఆయన నా కాలివంక చూసి, జేబులోంచి ఫోను తీశారు.