సత్తెయ్యగారి కుడిచెయ్యి

అది 1998. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా విభాగమంటే మెట్ల పక్కన ఒక పొడుగాటి గది, రెండు మంచాలు, గోడకు బిగించిన కమ్మీలు, ఒక ఫ్యాను. స్ట్రోక్, అంటే పక్షవాతం వచ్చినవాళ్లు డాక్టరుగారి వైద్యం ఒక కొలిక్కి వచ్చాక నా దగ్గరికి వచ్చేవారు. చాలామంది అప్పటికే ఊళ్లో పావురం రక్తంతో మర్దనా చేయించుకుని, విలువైన నెలా రెండు నెలలూ పోగొట్టుకునేవారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. చదువుకున్నదాన్నన్న గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది.

సత్తెయ్యగారు అలా ఆలస్యం చేయలేదు. అంతర్వేది వైపు సముద్రం దగ్గర పల్లె ఆయనది. యాభై దాటాక వేటకు వెళ్లడం మానేసి, ఊళ్లో అందరి వలలూ బాగుచేస్తూ బతుకుతున్నారు. రెండు చేతులూ ఆడితేనే సాగే పని అది. స్ట్రోక్ కుడివైపు కొట్టింది. రెండు నెలల్లో కాలు బాగానే కోలుకుంది. చెయ్యి మాత్రం సగంలో ఆగిపోయింది. మణికట్టు కొంచెం పైకి లేచేది, వేళ్లు కొంచెం విచ్చుకునేవి.

ఒక మధ్యాహ్నం వార్డులోకి వెళ్లేసరికి ఆయన భోజనం చేస్తున్నారు. కుడిచేత్తో ముద్ద పట్టుకుంటున్నారు, అది నోటిదాకా రాకుండానే జారి చొక్కా మీద పడుతోంది. మళ్లీ పట్టుకుంటున్నారు. ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నారు, పొరపాటున అది కంచంలోకి రాకుండా.

"ఏంటండీ ఈ అవస్థ? ఎడంచేత్తో తినండి," అన్నాను.

"ఎడంచేత్తో అన్నమేంటమ్మా!" అని మొహం చిట్లించారు. "అన్నం లక్ష్మీదేవండి. ఆ చేత్తో ఎలా ముట్టుకుంటానండి?"

"గంట నుంచీ ఇదే తంతండి," అంది ఆయన భార్య నూకరత్నం. "నేను కలిపి పెడతానంటే నోరు తెరవరు. నాలుగు ముద్దలు తిని ఆకలితోనే పడుకుంటున్నారండి."

నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. నేను చదువుకున్న పద్ధతి వేరు. కొన్నాళ్లకు మెరుగుదల ఆగిపోతే, మిగిలిన మంచి చేతికే అన్ని పనులూ నేర్పాలి. దెబ్బతిన్న చేతిని బలవంతంగా వాడిస్తే కండరాల బిగుతు, మేం స్పాస్టిసిటీ అనేది, పెరిగిపోతుందని కూడా మాకు చెప్పారు. అదే ఆయనకు చెప్పాను.

"మెదడులో పోయిన భాగం మళ్లీ పుట్టదండి. ఇలా మొండికేస్తే ఉన్న చెయ్యి కూడా బిగిసిపోతుంది."

"అయితే ఇది ఇంక రాదా అమ్మా?"

"వచ్చేది వచ్చిందండి. ఇంక రాదు."

ఆయన తొడ కింద నుంచి ఎడమచేతిని బయటికి తీశారు. "ఆయ్, అలాగేనండి. చదువుకున్నోరు, మీరు చెబితే కాదంటానా," అన్నారు.

మర్నాటి నుంచి ఎడమచేత్తో తినడం నేర్పాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కేస్ షీట్‌లో 'బాగా సహకరిస్తున్నారు' అని రాశాను. పది రోజుల్లో ఊరికి పంపేశాం.

మా న్యూరాలజిస్టుగారు మెదడు మీద కొత్తగా వచ్చే పరిశోధనల పత్రికలు తెప్పించుకునేవారు. చదివాక కట్ట కట్టి మా గదికి పంపేవారు. నేను వాటిని బీరువా మీద పడేసేదాన్ని. రోజంతా పేషెంట్లు, తర్వాత ఇల్లు, ఇంక చదువెప్పుడు? తెలిసినది చాలనే ధీమా కూడా ఉండేదని ఒప్పుకోవాలి. 2003లో వానలు పట్టి పేషెంట్లు రాని ఒక పూట, ఊసుపోక ఒక కట్ట విప్పాను.

అందులో ఒక వ్యాసం ఉంది. స్ట్రోక్ వచ్చినవాళ్లు దెబ్బతిన్న చేతితో మొదట్లో పని జరగక, మంచి చేతికే అలవాటుపడతారట. దాంతో మెదడు క్రమంగా ఆ చేతిని పక్కన పెట్టేస్తుందట. మంచి చేతిని కట్టేసి, రెండో చేత్తోనే రోజూ గంటల తరబడి పనులు చేయిస్తే, మెదడులో మిగిలిన భాగాలు ఆ పని కొంత అందుకుంటాయట. మణికట్టూ వేళ్లూ కాస్తయినా కదిలేవారికి ఇది పనికొస్తుందని రాశారు.

తొడ కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్న సత్తెయ్యగారు కళ్లముందుకొచ్చారు. వ్యాసం చివర ఇచ్చిన పాత వ్యాసాల జాబితా చూశాను. వాటిలో కొన్ని 1998 కంటే ముందువే.

పాత రిజిస్టరులో ఊరి పేరు వెతుక్కుని, ఆ ఆదివారమే రావులపాలెం మీదుగా బస్సు పట్టుకుని వెళ్లాను. సత్తెయ్యగారు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టి సంబరపడిపోయారు.

"మీ దయవల్ల ఎడంచేత్తో శుభ్రంగా తింటున్నానండి."

"ఇంట్లోనేనండి," అంది నూకరత్నం. "పెళ్లికీ పేరంటానికీ రమ్మన్నా రారు. నలుగురిలో ఎడంచేత్తో తినడం సిగ్గంటారు. వలలు ఇప్పుడు వేరేవాళ్లు చూసుకుంటున్నారండి."

చెప్పకుండా వెనక్కి వచ్చేద్దామనిపించింది. చెప్పాను. "సత్తెయ్యగారూ, ఆరోజు మీరు చేసిందే సరైన పని. నేనే తప్పు చెప్పాను."

వివరంగా చెప్పిందంతా ఆయన శ్రద్ధగా విన్నారు. "అయితే ఇప్పుడు చేస్తే వస్తుందా అమ్మా?"

చెయ్యి పట్టుకుని చూశాను. పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలో గుచ్చుకున్నాయి. బలంగా లాగినా వేళ్లు విచ్చుకోలేదు. కీళ్లే బిగిసిపోయాయి, కాంట్రాక్చర్ అంటాం. ఆ వైద్యానికి కావలసిన ఆ కాస్త కదలిక కూడా మిగల్లేదు.

"రాదండి," అన్నాను. అదే మాట, రెండోసారి.

ఆయన ఆ చేతిని ఎడమచేత్తో తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. "అంటే, నేనింకో నాలుగు రోజులు మీ మాట వినకుండా ఉంటే బావుండేదన్నమాట," అన్నారు. అందులో కోపం లేదు. కోపం ఉన్నా భరించగలిగేదాన్ని.

"అవునండి," అన్నాను.

ఆ చెయ్యి తప్పకుండా వచ్చేదని నేను చెప్పలేను. వచ్చే దారిని మూసింది మాత్రం నేనే. ఇప్పుడు పత్రిక వచ్చిన వారంలోనే చదువుతాను. రోగి మొండిగా ఏదైనా చేస్తుంటే, కోప్పడే ముందు ఎందుకని అడుగుతాను. 'ఇంక రాదు' అనాల్సి వస్తే 'మాకు ఇప్పటికి తెలిసినంతలో' అని ముందు చేరుస్తాను. ఇదంతా నేను సత్తెయ్యగారి చెయ్యి పోయాక నేర్చుకున్నాను.