మూడు వందల కుండీలు, రెండు గోనెసంచులు

మా మేనత్తని పార్కుల్లో పనిచేసేవాళ్ళందరూ ఛీఛీ అక్క అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. రోజుకి ఆ మాట ఎన్నిసార్లు తన నోట్లోంచి వస్తుందో ఆమెకి తెలుసు కాబట్టి, పేరు సరిగ్గానే కుదిరిందని ఒప్పుకుంటుంది.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమెది తోటపని. సాయంత్రం పని నుంచి వచ్చాక తిన్నగా ఇంట్లోకి రాదు. పెరటి కుళాయి దగ్గర మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా రుద్ది కడుక్కుంటుంది. ఆమె సబ్బు వేరు, ఆ సబ్బు పెట్టుకునే గూడు వేరు. ఒకసారి మా నాన్న చూసుకోకుండా ఆ సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. అత్త ఆయన్ని అన్నం ముందు నుంచి లేపి, వేరే సబ్బుతో మళ్ళీ కడిగించింది.

"ఆ సబ్బు ఏమేం చూసిందో తెలిస్తే నువ్వు వారం రోజులు అన్నం ముట్టవురా."

"అక్కా, నువ్వు స్వర్గానికి వెళ్ళినా గుమ్మంలోనే నిలబడి ముందు చీపురు అడుగుతావు."

"అక్కడ కూడా పార్కులుంటే అడగొద్దూ? వెళ్ళేది ఈ మనుషులేగా."

ఆఫీసు కాగితాల్లో మా ఊరి పార్కులు అయిదు రకాలు. టిక్కెట్టు పెట్టిన పెద్ద ఉద్యానవనం, పిల్లల పార్కు, చెరువు పార్కు, కాలనీ పార్కు, కూడలి పార్కు. అత్త లెక్కలోనూ అయిదే. కానీ ఆమె వాటిని చెట్లని బట్టి గుర్తుపెట్టుకోలేదు, తను అక్కడ ఎత్తిన చెత్తని బట్టి గుర్తుపెట్టుకుంది.

పెద్ద ఉద్యానవనం అంటే ఆమెకి సోమవారం పొద్దున. ఆదివారం జనం సగం తిని వదిలేసిన ప్లేట్లు, వాటి చుట్టూ ఈగలు. పసిపిల్లల డైపర్లని కింద పడేస్తే బాగుండదని పూలపొదల్లోకి తోసేస్తారు. కొమ్మలు కత్తిరిద్దామని చెయ్యి పెడితే మెత్తగా తగిలేది. పిల్లల పార్కులో రోజూ పొద్దున్నే ఇసుక జల్లించాలి. కుక్కలు రాత్రంతా వాడుకున్న ఇసుకలో పిల్లలు పొద్దున ఇళ్ళు కట్టుకుంటారు. జారుడుబల్ల కింద అంటించిన చూయింగ్ గమ్ ఎండకి కరిగి, చెంచాతో గోకితే తీగలు సాగేది. అన్నిటికంటే రోత కాలనీ పార్కు అంటుంది. అక్కడ నడవడానికి వచ్చేవాళ్ళు తెల్లబూట్లు వేసుకుని, ఎండుటాకు కనబడినా సంఘానికి ఫిర్యాదు రాస్తారు. కంచె మొక్కల వెనకాల మాత్రం వాళ్ళ ఇళ్ళలోని చెత్త, చక్కగా ముడివేసిన సంచుల్లో. ఒకరోజు ఎండలో అత్త కుళాయి తిప్పి దోసిలి పట్టింది. సంఘం అధ్యక్షుడు ఆగి, "అది మొక్కల కోసం పెట్టించిన కుళాయమ్మా" అన్నాడు. అత్త దోసిట్లో నీళ్ళు మొక్క మీద పోసేసింది. ఆయన సంచి ఏదో ఆమెకి తెలుసు. అందులో ఉండే మందుల చీటీ మీద ఆయన పేరు నేనే చదివిపెట్టాను.

చెరువు పార్కు గురించి ఎక్కువ మాట్లాడదు. గాజుపెంకులు, పొదల కింద నేను ఇక్కడ రాయలేనివి. ఒకసారి ఎండుటాకులు ఎత్తుతుంటే ఎవరో వాడి పడేసిన సూది చేతితొడుగులోంచి అరచేతిలో దిగింది. మూడు నెలలు రక్తపరీక్షలు. ఆ మూడు నెలలూ ఆమె మా కంచాలు ముట్టుకోలేదు, మంచినీళ్ళ బిందె ముట్టుకోలేదు. చివరి పరీక్షలో ఏమీ లేదని తేలిన రోజున నా తల మీద చెయ్యి వేసి, "ఇంక ఆ పార్కుకి చచ్చినా పోనే" అంది.

బతిమాలుకుంటే కూడలి పార్కు ఇచ్చారు. అది ఎవరూ అడగని చోటు. మూడు రోడ్లు కలిసే దగ్గర, ఒక్కో వైపు నలభై అడుగుల నడక ఉండే మూడుమూలల ముక్క. లోపల బెంచీ ఉంది కానీ ఎవరూ కూర్చోరు. సిగ్నల్ పడినప్పుడు బస్సుల్లోంచీ కార్లలోంచీ ఉమ్ముతారు, అంతే. నర్సరీ నుంచి వచ్చిన మొక్క ఏదైనా పొగకి నెల తిరక్కుండా మాడిపోయేది. మొదటి ఏడాది వేసిన వాటిలో ఒకే ఒక్క బిళ్ళగన్నేరు బతికింది. అత్త దాని గింజలు ఏరింది. వాటిలో బతికిన వాటి గింజలు మళ్ళీ ఏరింది. అలా ఆరేళ్ళు. ఆరేళ్ళకి ఆ ముక్క నిండా తెలుపూ గులాబీ పూలు నిలబడ్డాయి. "ఇవి పొగ తాగి పుట్టిన పిల్లలు" అనేది. ఆ మాటన్నప్పుడు మాత్రం ఛీ అనేది కాదు.

ఏడాదికోసారి ఉత్తమ పార్కుల పోటీ పెడతారు. ఒక్కో రకానికి ఒక బహుమతి. పోటీ ఎలా జరుగుతుందో అత్తకి తెలిసినంతగా బహుమతులిచ్చేవాళ్ళకి కూడా తెలియదు. నర్సరీలో మూడు వందల బంతి కుండీలు పెంచుతారు. కమిటీ ఏ పార్కుకి వస్తుందో ఆ పార్కుకి కుండీలు ముందురోజు వ్యానులో వస్తాయి. గుంటలు తవ్వి, కుండీతో సహా పాతి, అంచు కనబడకుండా మట్టి కప్పి నీళ్ళు చల్లుతారు. కమిటీ చూసి వెళ్ళగానే పీకి, తర్వాతి పార్కుకి పంపిస్తారు. అవే మూడు వందల మొక్కలు పిల్లల పార్కులోనూ చెరువు పార్కులోనూ పూస్తాయి. కుండీ అంచు దాచడంలో అత్తని మించినవాళ్ళు లేరు. అందుకని ఏటా పోటీ రోజుల్లో ఆమెని వ్యానులో వెంట తీసుకెళ్ళేవాళ్ళు. ఛీ అంటూనే వెళ్ళేది.

ఈ ఏడాది కూడలి పార్కులకి ఒక మాట కలిపారు. అట్టడుగు మార్కులొచ్చిన దాన్ని చదును చేసి బండ్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారు. అత్తకి చదువు రాదు, పోటీ దరఖాస్తు నింపేది నేనే. అందులో 'ప్రత్యేకతలు' అన్నచోట ఏం రాయమంటావని అడిగాను.

"ఉన్నది రాయవే. పొగకి తట్టుకునే బిళ్ళగన్నేరు, ఆరో తరం, అని రాయి. ఇంకేం వద్దు."

అంతే రాశాను.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం నేను ఆమె అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళేసరికి వ్యాను ఆగి ఉంది. సూపర్‌వైజరు రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నా పార్కుకి కుండీలెందుకు సార్? పూలున్నాయిగా" అంటోంది అత్త.

"ఇవి పూలా అమ్మా? కారులో కూర్చున్నవాడికి కనబడాలంటే పసుపు రంగు భగ్గుమనాలి. నీవి కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవాలి."

"దిగి వెతుక్కోమనండి. కాళ్ళు లేవా వాళ్ళకి?"

"ఇదిగో, నీ నోటికి నేనేం చెప్పలేను. ఈ ముక్క పోతే నిన్నెక్కడ వెయ్యాలో రాయాల్సింది నేనే. చెరువు పార్కులో ఒక ఖాళీ ఉంది. ఆలోచించుకో."

అత్త నా చేతిలో డబ్బా తీసుకుంది, బెంచీ మీద పెట్టింది, మూత తియ్యలేదు. కాసేపు అరచెయ్యి చూసుకుంది. తర్వాత గునపం అందుకుంది.

పాదుల్లో ఖాళీ లేదు. కుండీలు పాతాలంటే ఉన్నవి తియ్యాలి. ఒక్కో మొక్కనీ వేళ్ళ చుట్టూ మట్టి చెదరకుండా తీసి, తడిపిన గోనెసంచిలో నిలబెట్టింది. రెండు సంచులు నిండాయి. ఎండ తగలకుండా కరెంటు పెట్టె వెనకాల పెట్టి, పైన తడిగుడ్డ కప్పింది. "ఒక్క రోజే. రేపు సాయంత్రానికి మీ చోటు మీకే" అని మొక్కలకే చెప్పింది. చీకటి పడేలోపు మూడు వందల కుండీలు పాతేసింది. ఒక్క అంచు కూడా కనబడలేదు. "అబ్బ, నీ చేతిలో ఏముందోనమ్మా" అన్నాడు సూపర్‌వైజరు. ఆమె ఉమ్మి మింగడం నేను చూశాను.

మర్నాడు పొద్దున నన్ను కూడా తీసుకెళ్ళింది. కమిటీవాళ్ళు ఏదైనా చదవమంటే చదవడానికి. మేం వెళ్ళేసరికి చెత్తబండి డ్రైవరు అక్కడే ఉన్నాడు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ.

"చూశావా ఛీఛీ అక్కా, నీ పార్కు అద్దంలా చేసిపెట్టా. ఎవడో వెధవ పెట్టె వెనకాల రెండు మూటలు పడేసిపోయాడు. తెల్లారకముందే ఎత్తేశా."

అత్త కరెంటు పెట్టె వైపు చూసింది. వెనకాల నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

"ఎక్కడున్నాయి?"

"ఎక్కడుంటాయి, యార్డులో. మిషన్లో నొక్కేశారు కూడా. ఏమైందక్కా?"

అతని తప్పేం లేదు. ఆరేళ్ళుగా ఆమే చెప్పింది. నా పార్కు చుట్టుపక్కల మూట కనబడితే విప్పి చూడకు, నన్ను అడక్కు, ఎత్తెయ్ అని. చెత్తమూటలు చూసి చూసి విసిగి తనే పెట్టిన రూలు. అతను ఆ రూలుని ఒక్కరోజు కూడా తప్పలేదు.

"ఏం కాలేదు. పో" అంది.

అంతలో కమిటీ కారు వచ్చింది. సూపర్‌వైజరు వంగి దండం పెట్టాడు. సిగ్నల్ పచ్చగా ఉంది. కారు నెమ్మదించింది, వెనక అద్దం సగం దిగింది, ఒక చెయ్యి ఫోనుతో బయటికొచ్చి ఫొటో తీసుకుంది, అద్దం పైకి వెళ్ళిపోయింది. కారు మలుపు తిరిగాక కూడా సూపర్‌వైజరు వంగే ఉన్నాడు.

మధ్యాహ్నానికల్లా కుండీలు పీకి కాలనీ పార్కుకి పట్టుకుపోయారు. గుంటలు తవ్వగా మిగిలిన మట్టి ముందురోజే వ్యానులో వెళ్ళిపోయింది కాబట్టి పూడ్చడానికి కూడా ఏం లేదు. పార్కులో మూడు వందల గుంటలు, ఒక బెంచీ. వారం తిరిగేసరికి గుంటలు నిండాయి. కాగితం కప్పులు, అరటితొక్కలు, సిగరెట్టు పీకలు, వాటి మీద వాననీళ్ళు, నీళ్ళలో పురుగులు. ఇన్నాళ్ళూ ఎక్కడ పడితే అక్కడ పడేసే జనానికి ఇప్పుడు గురిచూసి వెయ్యడానికి చోటు దొరికింది.

మా పార్కుకే ప్రథమ బహుమతి వచ్చింది. పలకరాయి ఒకటి తెచ్చి సిమెంటుతో నిలబెట్టారు. ఏం రాశారే అని అడిగింది అత్త.

"సహజ సౌందర్యానికి, అని."

ఛీ అంటుందని చూశాను. అనలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మ, "బహుమతి వచ్చినందుకు మొహం అలా పెట్టుకున్నావేంటి వదినా?" అంది. అత్త కంచంలో వేళ్ళు ఆడిస్తూ, అట్టడుగున వచ్చింది రైల్వేగేటు దగ్గరి కూడలి పార్కు అని చెప్పింది. అక్కడికి కుండీలు వెళ్ళలేదు. వ్యాను ఆ రోజు మా దగ్గరుంది. అక్కడి తోటమాలిని చెరువు పార్కుకి వేశారు.

"వాళ్ళని ఏమనగలను? అంచులు కనబడకుండా సర్దింది నేనేగా. ఇరవై తొమ్మిదేళ్ళు జనం చేతులు చూసి ఛీ అన్నాను. ఇప్పుడు ఈ చేతులతో తినబుద్ధి కావట్లేదు."

తినకుండానే లేచింది. పెరట్లో కుళాయి చాలాసేపు పారింది.

తర్వాత నెలన్నర ఆమె పనికి వెళ్ళేది, గుంటల్లో చెత్త ఎత్తేది, వచ్చేది. అంచులు గోకడం మానేసింది. అంతకుముందు రోజూ పార్కు అంచుకీ మురుగుకాలవకీ మధ్యనున్న సందుని పారతో చెక్కేసేది. సిగ్నల్ దగ్గర ఉమ్మేదంతా పడేది అక్కడే. దాన్ని చూడటమే రోతని, ఏం మొలిచినా మొలవకపోయినా గీకి పారేసేది.

ఒక ఆదివారం పొద్దున్నే నన్ను లేపింది. "పాత గిన్నె ఒకటి పట్టుకుని రా. ఎందుకని అడక్కు."

పార్కు చేరాక ఆ సందు చూపించింది. అంచురాళ్ళ పగుళ్ళలో, నల్లటి బురదలో, ఎండిన ఉమ్ముల మధ్య, నాలుగేసి ఆకులతో బిళ్ళగన్నేరు మొలకలు. ఆరేళ్ళుగా గాలికి రాలిన గింజలు అక్కడ పడుతూనే ఉన్నట్టున్నాయి. ఆరేళ్ళుగా ఆమె వాటిని చెక్కి పారేస్తూనే ఉంది.

అత్త తొడుగులు వేసుకుని ఒక మొలకని పట్టుకుంది. వేరు వెంట్రుకలా ఉంది, పుటుక్కున తెగింది. రెండోదీ తెగింది. కాసేపు గొంతుక్కూర్చుని ఆ బురద వంక చూసింది. చూసి, తొడుగులు రెండూ ఊడదీసి పక్కన పెట్టింది.

"ఛీ" అంది, వేళ్ళు బురదలో దించుతూ. మొలక వేరుతో సహా వచ్చింది. నా గిన్నెలో పెట్టింది.

"ఛీ." ఇంకోటి.

నలభై దాకా లెక్కపెట్టి మానేశాను. సిగ్నల్ ఎర్రబడింది. ఒక బస్సు మా పక్కనే ఆగింది. కిటికీలోంచి ఒకాయన తల బయటపెట్టి, బుగ్గలు ఉబ్బించి, కింద మనుషులున్నారని చూసి ఆగిపోయాడు. అత్త మోచేత్తో చెమట తుడుచుకుని తలెత్తింది.

"ఆగావేం నాయనా? అవతలి కిటికీలోంచి ఉమ్ము. ఇటు పిల్లలున్నారు."

ఆయనకి ఏ పిల్లలో అర్థం కాలేదు. అటూ ఇటూ చూసి, గుటుక్కున మింగాడు. బస్సు కదిలింది.

"ఛీ" అని, అత్త మళ్ళీ వంగింది.