కుంకుమ అంటిన చైనా పతకం

నాకు కుదురు తక్కువ. దోహాలో స్టోర్‌కీపర్‌గా ఉన్న ఆ తొంభైల్లో పాత చైనా పతకాల పిచ్చి పట్టాక ఉన్న కాస్తా పోయింది. శుక్రవారం వస్తే చాలు, పాతసామాన్ల కొట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగేవాణ్ణి. అలా దొరికిందే జంట డ్రాగన్ల వెండి పతకం. చక్రవర్తుల కాలంలో పరదేశీయులకి ఇచ్చిన బిరుదట. అసలుదో నకలుదో ఇంకా తేలలేదు. తేలేదాకా కడగకూడదు, తుడవకూడదు. దాని మీది నలుపే దాని వయసుకి సాక్ష్యం.

దోహాలోనే ముంతజా అనే పేటలో నా గదిలో నిజామాబాద్ వైపు మేస్త్రీ ఒకాయన ఉండేవాడు, నాకంటే పెద్ద. పెళ్ళైన చాలా ఏళ్ళకి ఊళ్ళో ఆయన భార్యకి నెలలు నిండాయి. పతకాన్ని గొప్పగా ఆయనకి చూపించింది నేనే. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి అది ఆయన బీరువా తలుపు లోపల, దేవుడి పటాల మధ్య వేలాడుతోంది. నిండా పసుపు, కుంకుమ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నా, అది చైనా రాజుగారి బిళ్ళ! దేవుడు కాదు!"

"జంట నాగులు గాదె తమ్మీ? సంతానమిచ్చేటోళ్లు. కాన్పయ్యేదాంక ఉండనియ్యి, మల్ల నీకే ఇస్త."

కాదనలేకపోయాను. అలాగని ఊరుకోనూ లేకపోయాను. ఆయన స్నానానికి వెళ్ళగానే బీరువా తెరిచి చూసేవాణ్ణి. రోజూ కొత్త కుంకుమ, పొలుసుల సందుల్లోకి దిగిపోతోంది. కూచుంటే లేవాలనిపించేది, లేస్తే ఆ తలుపు తియ్యాలనిపించేది. "ఇంకా కబురు రాలేదా అన్నా?" అని ప్రాణం తీసేవాణ్ణి. పాపం, తన మీద నాకెంత ప్రేమో అనుకునేవాడు. కాన్పు తొందరగా అవ్వాలని నేనూ ఆ పాములకే మొక్కాను. నా మొక్కు పతకం కోసం.

ఒక శుక్రవారం ఇంటికి ఫోన్ చేసి వచ్చాడు. నేరుగా బీరువా తెరిచి పతకం తీసుకుని బాత్రూంలోకి వెళ్ళాడు. కుళాయి చాలాసేపు పారింది. సబ్బు పెట్టి, బ్రష్‌తో తోమి, తువ్వాలుతో తుడిచి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"తీస్కో తమ్మీ. తల్లి పాణం మంచిగున్నది. బిడ్డ దక్కలే."

పసుపు లేదు, కుంకుమ లేదు, ఆ నలుపూ లేదు. కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. పోయిన నలుపు మీద నాకు బెంగ కలగలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూచున్నాను. పొలుసుల సందుల్లో ఎక్కడైనా కాస్త ఎరుపు మిగిలిందేమోనని పొద్దుగూకేదాకా వెతికాను. ఎక్కడా లేదు.