బాపు రక్తంలో పొటాషియం

గుండెపోటు వచ్చిన మా బాపుకు హనుమకొండ దవాఖానలో స్టెంటు వేసి పంపాక, ఇంట్లో నూనె మీద కర్ఫ్యూ పెట్టాను. కొత్తవాడలో జీవితమంతా మగ్గం మీద జంపఖానాలు నేసిన మనిషి ముందు ఉడకబెట్టిన సొరకాయ పెట్టి, నీ మంచికేనని చెప్పేవాణ్ణి. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను కాబట్టి రిపోర్టుల పెత్తనం నాదే. చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గిన రోజున, నేనే చేత్తో తీసి పారేసినట్టు వాడంతా చెప్పుకున్నాను.

ఇక చూడ్డానికి వచ్చే చుట్టాలు. మావాళ్లు వట్టి చేతులతో రారు, కొబ్బరి బోండాలు తెస్తారు. తెచ్చి ఊరుకోరు. కొట్టించి, గ్లాసులో పోసి, రోగి తమ కళ్లముందు తాగేదాకా కుర్చీ వదలరు. తాగకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టే. బాపు మర్యాదస్తుడు, రోజుకు నాలుగైదు తాగేవాడు. కొబ్బరి నీళ్లలో కొలెస్ట్రాల్ లేదు కదా అని గ్లాసులు కడిగి అందించింది నేనే.

పరకాల నుంచి మా మేనత్త ఏకంగా బోండాల గెలే దింపింది.

"తాగు అన్నా, కడుపు సల్లబడ్తది."

"ఖరాబైంది కడుపు గాదే, గుండె."

"రెండూ ఒక్క మనిషియే గదనే. తాగు."

తాగాడు.

మూడో వారం ఒక పొద్దున బాపు మంచం మీంచి లేవబోతే కాళ్లు లేవలేదు. నాడి చూస్తే, కొట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. ఆటోలో హనుమకొండ దాకా ఆ మణికట్టు వదల్లేదు.

రక్తం పరీక్ష చూసి డాక్టరు అడిగాడు. "ఈయనకు ఏం పెడ్తానరు?"

"నూనె బంద్ సార్. గుడ్డులో పచ్చసొన కూడా బంద్."

"తాగేదేంది?"

చెప్పాను.

"మేమిచ్చిన గోలీ పొటాషియాన్ని ఒంట్లో ఆపుతది. పైనుంచి మీరు కొబ్బరి నీళ్లు పోస్తానరు. పొటాషియం ఇంత పెరిగితే గుండె ఆగిపోతది. డిశ్చార్జి కాగితం సదవలేదా?"

తీసి చూశాను. మూడో పేజీ అడుగున, చీమల బారు లాంటి ఇంగ్లీషులో ఉంది: వారానికోసారి పొటాషియం పరీక్ష చేయించాలి.

"ఇది నోటితో చెప్పొచ్చు గద సార్?"

"చెప్పే ఉంటరు."

"ఎవరు?"

ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. మగ్గం నేసేవాడి ఇంటికి ప్రాణం సంగతిని అంత సన్నగా అచ్చువేసి పంపినవాళ్ల మీద నాకు వచ్చింది చిన్న కోపమేమీ కాదు. మొదటి పేజీలో కొలెస్ట్రాల్ చూసుకుని మురిసి, మూడో పేజీ తిప్పని పట్టభద్రుడి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. వాణ్ణి వదిలి ఎక్కడికీ పోలేను.

ఇంజెక్షన్లతో, సెలైన్‌తో మూడు రోజులకు గుండె దారికొచ్చింది. ఇంటికొచ్చిన మర్నాడే మేనత్త మళ్లీ దిగింది, బోండాలతోనే. వద్దన్నాను.

"మా అన్నకు నీళ్లు గూడ తాపనియ్యవా అల్లుడా? గిదేనా నీ సదువు?"

"ఆ నీళ్లే ఆయన్ని సంపబోయినయి అత్తమ్మా."

ఆమె ముఖం మాడిపోయింది. అప్పటికే గ్లాసులో పోసేసింది. బాపు చూశాడు.

"ఒక్క గుక్కనే గదరా. సెల్లె మొఖం జూడు." చెయ్యి చాపాడు.

నేను గ్లాసు గుంజుకుని అందరి ముందే మోరీలో పారబోశాను. అత్తమ్మ అన్నం ముట్టకుండా పరకాల బస్సెక్కింది. బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, మాట్లాడకుండానే, పొటాషియం పరీక్షకు రక్తమిచ్చి వచ్చాడు.