కప్పతల్లికి కాగిన నీళ్లు

ఈ పొద్దు మా గోపాల్‌పేటలో కప్పతల్లి ఆట నడిమిట్ల ఆగిపోయింది. ఆపింది నేనే.

వానలు లేక జొన్న మొలకలు ఎండుతున్నాయి. ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరుగుతామంటే, బావిలో దిగి కప్పను పట్టింది నేను. పట్టిననాటి నుంచి దాన్ని బతికించిందీ నేనే. పాత కుండలో తడి ఇసుక పోసి, మీద తడి గోనెపట్ట కప్పి నీడన పెట్టాను. ఒళ్లు ఆరినా, వేడి తగిలినా కప్ప బతకదు. ఆటలో కప్ప చస్తే ఊరికి అంతకు మించిన చెడ్డ శకునం లేదు.

రోకలి మా తమ్ముని కోడలు బుచ్చమ్మ వాకిట్లోకి వచ్చింది. అందరిలాగే ఆమె కూడా బిందె ఎత్తి కప్ప మీద పోసింది. పోసిన నీళ్లలోంచి ఆవిరి లేచింది. కప్ప కాళ్లు చాపేసింది.

"ఏందే ఇది?" అన్నాను.

"అమ్మవారు గద మామా. చన్నీళ్లెట్ల పోస్త? పసుపేసి కాగవెట్టిన."

"అమ్మవారైతే గుడికి పోయి ఆ నీళ్లు పొయ్యి. కప్పైతే నాకియ్యి."

రోకలి గుంజుకొని, కట్టు కోసి, కప్పను తెచ్చి కుండలో వేశాను. ఆట చెడగొట్టాను, ఇక వాన రాదని వాడంతా నన్ను తిడుతోంది. తిట్టనీ. ఇప్పుడే గోనె ఎత్తి చూశాను, దాని గొంతు ఇంకా ఆడుతోంది. మళ్లీ రోకలికి ఇచ్చేది లేదు. తప్పు నాదే అనేవాళ్లు వచ్చి నా మొహం మీద చెప్పండి. వచ్చేటప్పుడు చెంబెడు చన్నీళ్లు తెండి, గోనె ఆరిపోతోంది.