ఈబో మాట ఎవరి మహిమ

మన్సా ఉద్యోగమేమిటో చెబితే సముద్రపొడ్డున మోరీ ఊళ్ళో జాలర్లు నవ్వేవారు. పట్నంలోని ఓ పరిశోధనా కేంద్రం నుంచి ఏటా వచ్చి, ఆ ఊళ్ళో ఆటిజం ఉన్న పిల్లల్నే మళ్ళీ మళ్ళీ చూసి వెళ్ళేది. పెరిగేకొద్దీ వాళ్ళకి కొత్తగా ఏం వచ్చింది, వచ్చినదాంట్లో ఏం పోయింది, అది రాసుకోవడమే ఆమె పని.

"మందివ్వవు, ప్రార్థన చెయ్యవు, ఊరికే చూసిపోతావు. దీనికి జీతం కూడానా?" అని ఆ పిల్లల్లో ఒకడైన ఈబోకి నాయనమ్మ ఎకువా ఎద్దేవా చేసేది.

"ఓపిగ్గా చూసేవాళ్ళు లేకే కదా పెద్దమ్మా, దారినపోయే ప్రతివాడూ వైద్యుడైపోతున్నాడు," అనేది మన్సా. ఆమె నోరు మంచిది కాదని కేంద్రంలో కూడా పేరుంది.

మొదటిసారి చూసినప్పుడు ఈబోకి మూడేళ్ళు. పిలిస్తే పలికేవాడు కాదు. పడవ నీడన కూర్చుని గిన్నె మూత తిప్పుకునేవాడు. ఏటి దేవత బిడ్డను మార్చేసిందని నాయనమ్మ తేల్చేసింది. ప్రవక్త ఎబెనెజర్ ప్రార్థనా శిబిరానికి తీసుకెళ్ళి పస్తులుంచింది. పిల్లాడు సగమై తిరిగొచ్చాడు.

"దయ్యానికి ఆకలుండదు పెద్దమ్మా, పిల్లాడికి ఉంటుంది," అని మన్సా మండిపడింది.

తల్లి లేని పిల్లాడు. తండ్రి కోజో వలలు బాగుచేసేవాడు. కొడుకుని వెంటబెట్టుకుని జనాన్ని ఎక్కించుకు తిరిగే ట్రోట్రో వ్యాన్ల అడ్డా పక్కనే కూర్చుని పనిచేసుకునేవాడు. ఆరో ఏట ఈబోకి మాట అక్కడే వచ్చింది. వ్యాను తలుపులకి వేలాడే కండక్టర్లని అక్కడ మేట్లంటారు; వాళ్ళు పెట్టే కేకలూ, ఎక్కినవాళ్ళు వాళ్ళమీద పెట్టే కేకలూ అన్నీ అచ్చం వాళ్ళ గొంతుతోనే అప్పజెప్పాడు. మరుసటి ఏడు వాటిలోంచి ఒకటి ఏరుకున్నాడు. స్నానం చాలనిపించినా, జనం మీదపడినా, "మేట్, దిగాలి" అనేవాడు.

"చిలకపలుకు కాదక్కా," అన్నాడు కోజో. "ఇక చాలు అనడానికి ఆ మాట పెట్టుకున్నాడు."

"నేనూ అదే చూశాను," అంది మన్సా. నవ్వు ఆపుకోలేకపోయింది.

పిల్లాడు మాట్లాడటం మొదలెట్టాక నాయనమ్మ ఊరుకుంటుందా? ప్రవక్త దగ్గరికి పరుగెత్తింది. ఆయనా ఊరుకునే రకం కాదు. ఈస్టర్ సభలో మూగవాడు నోరు విప్పుతాడని చాటింపు వేయించాడు. ఆ సభలో మన్సా కూడా కోజో పక్కన నిలబడి ఉంది. లౌడ్‌స్పీకర్ల మోతకి, నాయనమ్మ వేదికెక్కించిన ఈబో చెవులు మూసుకున్నాడు. ప్రవక్త వాడి మూతికి మైకు ఆనించాడు.

"మేట్, దిగాలి. దిగాలి, మేట్."

"విన్నారా? దిగుతానంటోంది. దయ్యం తన నోటితో తానే దిగుతానంటోంది," అని గర్జించాడు ప్రవక్త. జనం ఊగిపోయారు.

కోజో తాపీగా వేదికెక్కాడు. "దయ్యం కాదయ్యా, మా వాడే దిగుతానంటున్నాడు. నీ గోల భరించలేక," అని కొడుకుని భుజానికెత్తుకుని దిగిపోయాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

ప్రవక్త చదువులేనివాడు, పోనీ అనుకుందాం. మన్సా వాళ్ళ కేంద్రాన్ని నడిపే, చదువు ముదిరిన ప్రొఫెసర్ ఆన్సా ఏం చేశాడు? ఆ వానాకాలం పిల్లలకి మాట ఎలా నేర్పాలో తల్లిదండ్రులకి నాలుగు పాఠాలు చెప్పించాడు. తర్వాత విదేశీ దాతల్ని కూర్చోబెట్టి, తెర మీద పలకని ఈబోని చూపించాడు, పలికే ఈబోని చూపించాడు, మధ్యలో తన శిక్షణని పెట్టాడు.

మన్సా లేచింది. "వాడు మీ పాఠాలకి ముందే మాట్లాడాడు సార్. మోరీలో ఇంకొకాయన కూడా ఇది తన మహిమేనంటున్నాడు. మీరిద్దరూ ఓసారి కూర్చుని పంచుకోండి."

ఆన్సా ఆమెను పిల్లల పనిలోంచి తప్పించి, అతిథులకి గదులు చూసిపెట్టే పనిలో వేశాడు. "ఆ దుప్పట్లేవో ఆయన్నే మార్చుకోమనండి," అని రాజీనామా చేసి, నర్సుల బడిలో పంతులమ్మగా చేరింది. మోరీకి మాత్రం సొంత ఛార్జీలు పెట్టుకుని వెళుతూనే ఉంది.

పన్నెండో ఏట ఈబోకి గడ్డుకాలం వచ్చింది. ఒళ్ళు పెరిగింది, గొంతు మారింది, తన గొంతుకి తనే బెదిరాడు. ఉన్న మాటలు సగం పోయాయి. గోడకేసి తల కొట్టుకునేవాడు. ఓసారి తండ్రి చెయ్యి కొరికాడు. ఆ ఏడు మాత్రం ఇది మా చలవేనని చెప్పుకోవడానికి ఎవరూ రాలేదు. ఇంటివాళ్ళకి విశ్వాసం చాలలేదన్నాడు ప్రవక్త. ఆ పిల్లాణ్ణి మా పరిశోధనలోంచి తీసేశామన్నాడు ప్రొఫెసర్.

"ఇది ఎప్పటికి తగ్గుతుందే?" అని నాయనమ్మ మన్సాని అడిగింది. ఆ గొంతులో ఎగతాళి లేదు.

"తెలీదు పెద్దమ్మా. ఇలాంటి ఏడు దాటినవాళ్ళని చూశాను, దాటనివాళ్ళనీ చూశాను."

ముసలామె లేచింది. లోపలికెళ్ళి కెంకీ అనే మొక్కజొన్న పిండి ముద్ద, వేయించిన చేప తెచ్చి మన్సా ముందు పెట్టింది.

ఈబో ఆ ఏడు దాటాడు. మాటలు మెల్లగా తిరిగొచ్చాయి, అన్నీ కాదు. ఇప్పుడు తండ్రి పక్కన కూర్చుని వల చిక్కులు విప్పుతాడు. ఎవరైనా తొందరపెడితే లేచి వెళ్ళిపోతాడు. మన్సా వస్తే పలకరించడు. కాస్త పక్కకి జరిగి చోటిస్తాడు.