పరగడుపు సిస్టరు

ఆపరేషన్ వార్డులో ఆవిణ్ని అందరూ "పరగడుపు సిస్టరు" అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒక్కటే, కత్తి కిందికి వెళ్లబోయేవాళ్లకి జాగ్రత్తలు చెప్పడం. గాజులు తీయించేది, గోళ్లరంగు తుడిపించేది, కుట్లు ఆరేదాకా బరువులెత్తితే ఊరుకోనని బెదిరించేది. అన్నిటికంటే ముందు, "పొట్టలో ఏమైనా పడిందా?" అని మూడుసార్లు అడిగేది. "నిజం చెబితే ఆపరేషన్ రేపటికి పోతుంది. అబద్ధం చెబితే మనిషే పోతాడు." చెవిలో జోరీగలా ఈ గొడవేమిటని రోగులు విసుక్కునేవారు. విసుక్కోనీ, బతికే ఉన్నారుగా!

ఆ రోజు పొద్దున్న మూడో మంచం మీది హెర్నియా పేషెంటు మూడుసార్లూ "లేదు" అన్నాడు. దిండు మీద మాత్రం రొట్టె పొడి ఉంది. సిస్టరు వాళ్లమ్మని పక్కకి పిలిచి నిలదీసింది.

ముసలావిడ సిస్టరు చెయ్యి పట్టుకుంది. "ఆకలని ఏడ్చాడమ్మా, కన్న ప్రాణం ఆగలేదు. పాలూ రొట్టే పెట్టాను. మా పెద్దాడికి చెప్పకు తల్లీ, చంపేస్తాడు."

అందరూ అనే మాటే అది. కానీ బతిమాలుతున్న ఆ చేతి మీద, మోచేతికి పైన, నాలుగు వేళ్ల ముద్ర నల్లగా కమిలి ఉంది. సిస్టరు ఆవిడ పైట చెంగు లాగి ఆ ముద్ర మీద కప్పింది.

పెద్దకొడుకు లారీ డ్రైవరు. ట్రిప్పు మానుకుని వచ్చి, గుమ్మం దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఆపరేషన్ రేపటికి వాయిదా బాబూ. పొరపాటున పాలు నేనే ఇచ్చేశాను," అంది సిస్టరు.

మొదటి దెబ్బకి కళ్లద్దాలు ఎగిరిపోయాయి. రెండో దెబ్బకి పెదవి చిట్లింది. జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చి మంచం ఊచకేసి కొట్టాడు. తల కాచుకోబోతే స్టీలు ఫ్లాస్కు తీసి మణికట్టు మీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడు వార్డంతా వినిపించింది. చుట్టూ పదిమంది మగాళ్లు గుడ్లప్పగించి చూశారు, థూ! ముసలావిడ పిడికిలి నోట్లో కుక్కుకుని గోడకి అతుక్కుపోయింది. ముగ్గురు వాచ్‌మన్లు వచ్చి వాణ్ని వరండాలోకి లాక్కుపోయేసరికి నేలంతా నెత్తురు.

హెడ్ సిస్టరు అందరి ముందే రిపోర్టు పుస్తకంలో "నర్సు పొరపాటు" అని రాసేసింది. ఇరవై రెండేళ్లలో అదే మొదటి మచ్చ. ఇక ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు.

వరండా పక్కనే ఉన్న కట్లు కట్టే గదిలో డాక్టరు ఆ చెయ్యి చూశాడు. "మత్తిచ్చి ఎముక సరిచెయ్యాలి. పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?"

సిస్టరుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వాచిన పెదవి పెగల్లేదు.

"ఏం తినలేదయ్యా," అంది గుమ్మంలోంచి ముసలావిడ. లోపలికొచ్చి తలుపు వేసింది. "నేను చూస్తూనే ఉన్నా, మంచినీళ్లు కూడా తాగలేదు. పాలిచ్చింది కూడా ఆవిడ కాదు, నేను. ఆ పుస్తకంలో రాసింది కొట్టేయించండి."

"ఏమన్నావే?" వాచ్‌మన్ల చేతుల్లో గింజుకుంటూ బయటినుంచి పెద్దకొడుకు అరిచాడు. తలుపు మీద ఒక తన్ను పడింది. ఇంకోటి పడింది.

ముసలావిడ వెనక్కి తిరగలేదు. "నేనే పెట్టానురా," అని ఇంకాస్త గట్టిగా చెప్పింది.